ఓడవాళ్ళ టికెట్టు

కిందటి వారం ఫ్లోరెన్స్‌ని హార్బరు రోడ్డులో, ఓడల ఏజెంటు ఆఫీసు ముందు పెట్టెతో సహా నిలబెట్టి వదిలేశాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంది. ఆవిడ లోపలికి అడుగుపెట్టేలోగా సంగతేమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం.

ఫ్లోరెన్స్ గాజువాకలో నర్సు. ఆమె భర్త రత్నరాజు సరుకు ఓడలో ఫిట్టరు. లివర్‌పూల్ రేవులో ఓడ అడుక్కి దిగుతూ ఇనప నిచ్చెన మీంచి జారిపడ్డాడు. ఎడమకాలు నుజ్జయిపోయింది. కాలు తీసెయ్యాలి, సోమవారం దాటితే విషం పైకి పాకుతుంది, ఆ తర్వాత మనిషే దక్కడు అన్నారు అక్కడి డాక్టర్లు. రత్నరాజేమో ససేమిరా సంతకం పెట్టనన్నాడు. ఫ్లోరెన్స్ వచ్చి పక్కన కూచుంటేనే కత్తి ముట్టుకోనిస్తానని మొండికేశాడు. అది తెలిసిన క్షణం నుంచి ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. లండన్ వెళ్ళడానికి ఇంకా వీసా పద్ధతి రాలేదు, అదొక అదృష్టం. ఎప్పుడో కువైట్ ఉద్యోగం కోసం తీయించుకున్న పాస్‌పోర్టు ఉంది. ఉద్యోగం రాలేదు గానీ పాస్‌పోర్టు మిగిలింది. లేనిదల్లా టికెట్టు. జగదంబ నుంచి డాబాగార్డెన్స్ దాకా టికెట్లమ్మే ప్రతి కొట్టూ ఎక్కి దిగింది. అప్పటికప్పుడు దొరికే టికెట్టు ఇల్లమ్మినా రాదు. మాస్కో మీదుగా వెళ్ళే చవక టికెట్టుకి వచ్చే నెల దాకా సీటు లేదు. మెళ్ళో గొలుసు అమ్ముదామంటే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఆఖరికి ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేసే గురునాథరావు, "ఒక దారుందమ్మా, ఓడవాళ్ళ టికెట్టు. గురువారం మధ్యాహ్నం పెట్టె సర్దుకుని వచ్చెయ్యండి" అని కబురు చేశాడు.

ఇవాళ గురువారం.

గురునాథరావు గది గోడంతా ప్రపంచపటం. దాని మీద గుండుసూదులు, సూదులకి రంగు దారాలు. విశాఖపట్నం దగ్గర సూదులు గుచ్చీ గుచ్చీ కాగితం చిరిగిపోతే కింద అట్టముక్క అంటించారు. ఫ్లోరెన్స్ ఆ దారాల వెంట కళ్ళు పరిగెత్తించి లివర్‌పూల్ ఎక్కడుందో చూసుకుంది. చెయ్యి పెట్టి చూస్తే జానెడు దూరం.

"కూచోండమ్మా. కాఫీ చెప్పమంటారా?"

"వద్దండి. టికెట్టు నిజంగా ఉందా?"

గురునాథరావు సొరుగులోంచి టికెట్ల కట్ట తీసి బల్లమీద పెట్టాడు. రబ్బరు బ్యాండు వేసిన కట్ట. చూస్తే సంతలో ఆకుకూర కట్టలాగే ఉంది గానీ, ఫ్లోరెన్స్‌కి దాన్ని ముట్టుకోవాలంటే చెయ్యి రాలేదు.

"ఓడకి టైమంటూ ఉండదు కదమ్మా," అన్నాడు గురునాథరావు. తన వృత్తి గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కొంచెం పండితుడు తొంగిచూస్తాడు. "తుఫానొస్తే నాలుగు రోజులు లేటు. రేవులో చోటు దొరక్కపోతే వారం లేటు. ఎక్కాల్సిన మనుషులు మాత్రం ఓడ ఎక్కడుంటే అక్కడికి రెక్కలు కట్టుకుని వాలాలి. అందుకని విమానాలవాళ్ళు ఓడవాళ్ళకి వేరే రేటు పెట్టారు. మామూలు టికెట్టులో సగం కూడా ఉండదు. నెల ముందు కొనక్కర్లేదు. ఆఖరి గంటలో పేరు మార్చుకోవచ్చు. ఆ సగమైనా కంపెనీయే కడుతుంది. ఇప్పుడు ఓడెక్కడానికి వెళ్ళే మన పార్టీలో జోజి అనే కుర్రాడికి పచ్చకామెర్లొచ్చాయి. వంటగదిలో సాయం చేస్తూ, మందుల పెట్టె చూసుకునే మనిషి. ఆ చోటు ఖాళీ. మీరు నర్సు. మీ రత్నరాజు ఓడ కెప్టెన్‌గారిని టెలెక్సులో అడిగాను, సరేనన్నారు. ఆయనకి మీవాడంటే అభిమానం."

ఫ్లోరెన్స్ నోరు తెరుచుకుని వింది. ఆకాశంలో ఇలాంటి అడ్డదారి ఒకటుందని ఇన్నేళ్ళూ తనకి తెలియదు! నైట్ డ్యూటీలో ఆసుపత్రి డాబా మీంచి విమానాల దీపాలు చూసినప్పుడల్లా అందులో దొరలూ మంత్రులూ కూచుని ఉంటారనుకునేది. వాళ్ళ మధ్య భీమిలి వాళ్ళూ, పూడిమడక వాళ్ళూ, గోళ్ళలో గ్రీజు ఇంకా వదలని వాళ్ళూ కూచుని భూమికి అటు చివర్న ఓడలెక్కడానికి వెళ్తున్నారని అనుకోలేదు. తన మొగుడూ అలా వెళ్ళినవాడే. 'విమానం ఎలాగుంటాది?' అని ఎన్నిసార్లడిగినా 'ఏటుంటాది, బస్సే' అనేవాడు. ఇంత పెద్ద వింతని ఒక్క మాటతో తీసిపారేసే మనిషితో ఇరవై ఏళ్ళు కాపురం చేసింది.

"సాయంత్రం వాల్తేరు స్టేషన్లో గోదావరి ఎక్కుతారు. హైదరాబాదు మీంచి బొంబాయి. అక్కణ్ణుంచి విమానం. ఆదివారం పొద్దున్నకి లండన్, మధ్యాహ్నం దాటాక రైల్లో లివర్‌పూల్. సోమవారానికి ముందే చేరిపోతారు. ఇదిగో జాయినింగ్ కాగితం, ఇక్కడొక సంతకం."

ఆమె కలం తీసింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. చర్చికి వెళ్ళేవాళ్ళకి అది వర్తించదనుకుంటే పొరపాటు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సన్యాసిరాజు వచ్చాడు. ఆయన సరంగు, అంటే ఖలాసీలందరికీ పెద్ద. ఈ పార్టీని లివర్‌పూల్ తీసుకెళ్ళి కెప్టెన్‌కి అప్పజెప్పాల్సినవాడు. రత్నరాజుతో కలిసి ఎన్నో ఓడలు చేశాడు. ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటారు. ఆ వరసన ఫ్లోరెన్స్ ఆయనకి చెల్లెలు.

"గురునాతంగారూ, ఈ సెల్లి పేరు కొట్టేయండి," అన్నాడు నిలబడే.

"అదేటయ్యా? కెప్టెన్ ఒప్పుకున్నాక నీ అభ్యంతరమేంటి?"

"నాను తీస్కెల్లను."

ఫ్లోరెన్స్‌కి ఒళ్ళు మండింది. "ఏటన్నా, ఆడమనిషి ఓడెక్కితే అరిష్టమా?"

"ఛ! అలాటియి మా తాతల్నాటి మాటలు. అది కాదు సెల్లీ." సన్యాసిరాజు కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూచున్నాడు. "వొక్క మాటడుగుతాను సెప్పు. లివర్‌పూల్లో దిగాక ఏటి సేత్తావ్?"

"ఏటి చేస్తాను? ఆయన దగ్గరికెళ్తాను. సంతకం పెట్టిస్తాను. ఆపరేషనయ్యాక దగ్గరుండి చూసుకుంటాను. లేచి నడిచాక ఇద్దరం కలిసొచ్చేస్తాం."

"మరి ఓడో?"

"ఓడకేటి? ఇదిగో, జాయినింగ్ సంతకం పెట్టేస్తన్నాను కదా!"

సన్యాసిరాజు గురునాథరావు వైపు చూశాడు. గురునాథరావు ఫ్యాను వైపు చూశాడు.

"మీరు సెప్పలేదా?"

"చెబుదామనే..."

ఫ్లోరెన్స్‌ని తప్పుపట్టకండి. గాజువాకలో పెరిగినవాళ్ళెవరైనా ఈ పొరపాటే చేస్తారు. ఆ చుట్టుపక్కల కాంట్రాక్టు పనుల్లో జాయినవడమంటే మస్తరు మీద, అంటే హాజరు పుస్తకంలో, సంతకం పెట్టడం. సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్ళి మళ్ళీ కనబడనివాడు కూడా జాయినైనవాడే! ఓడ కాగితం కూడా అలాంటిదే అనుకుంది. ఇంట్లో అత్త కాశమ్మకీ అదే చెప్పింది. పొద్దున్న పాస్టరుగారు ఇంటికొచ్చి, 'ఉచితంగా దారి తెరిచిన ప్రభువా' అంటూ స్తుతి చెల్లించి మరీ వెళ్ళారు.

"ఓడవోల్ల టికెట్టు ఓడ దాకానే సెల్లీ," అన్నాడు సన్యాసిరాజు. గొంతు తగ్గించాడు. "ఎనక్కి రాటానికి టికెట్టుండదు. ఆ ఓడే నిన్ను తేవాల. ఆదివారం దిగుతాం. సోమారం వొక్కరోజు బావ కాడుంటావ్. మంగలారం ఓడ కదుల్తాది. బ్రెజిలెల్తాది. ఆడ సరుకేసుకుని, ఆఫ్రికా సుట్టి, మనూరొచ్చీసరికి క్రిస్మస్ దాటిపోద్ది. బావ లివర్‌పూల్లో మంచం మీద. నువ్వు నడిసంద్రంలో. నువ్వనుకుంతన్నావ్ ఆయన కాడికెల్తన్నానని. ఎల్లేది ఆయన కాణ్నించి."

బయట రేవులో క్రేను ఏదో దింపుతున్న చప్పుడు వినబడుతోంది.

"నేను ఓడెక్కకుండా అక్కడే ఉండిపోతే?" అంది ఫ్లోరెన్స్.

"నిన్నేటీ సెయ్యరు. ఆసుపత్రికి ఎల్లిన ఆడమనిసిని ఎవుడేటి సేత్తాడు? కానీ మనుసుల్ని అప్పజెప్పాల్సింది నాను. వొక తల తక్కువైతే ఓడవోల్ల టికెట్టు మీద ఓడెక్కనోల్లని పంపిత్తన్నామంటారు. ఇంకోపాలి మనోల్లకి ఈ టికెట్టివ్వరు. వొడ్డున ఎంతమంది ఓడ కోసం కూకుండి ఎదురుసూత్తన్నారో నీకు తెలీదేటి? మీ ఈదిలోనే ఉన్నారు కదా."

తెలుసు. రత్నరాజు కూడా ఒకప్పుడు అలా రెండేళ్ళు కూచున్నాడు. ఆ రెండేళ్ళూ ఇల్లు నర్సు జీతం మీదే నడిచింది.

ఆమె గురునాథరావు వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు కాదు, నిప్పులున్నాయి. "ఇంత మాట దాచి పెట్టెతో రమ్మన్నారా బాబూ?"

ఆయన తలెత్తలేదు. "చెబితే మానేస్తారని భయమేసిందమ్మా. మీరు మానేస్తే రత్నరాజు దక్కడు. తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. తప్పే."

ఫ్లోరెన్స్ మళ్ళీ గోడమీద పటం చూసింది. లివర్‌పూల్ సూది నుంచి ఎర్రదారం ఒకటి కిందికి జారి, అంతా నీలిరంగు తప్ప ఏమీ లేని చోట్ల గుండా పోయిపోయి, ఎక్కడో తేలింది. రామకృష్ణా బీచిలో మోకాలి లోతు నీళ్ళకే చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి పరిగెత్తే మనిషి ఆవిడ. ఆ నీలం వైపు చూస్తుంటే భయమేసింది. భయం వెనకాలే ఇంకోటి కూడా లేచింది, దానికి ఆవిడే ఆశ్చర్యపోయింది. ఆ దారం మీద తన మొగుడు ఎన్నిసార్లు వెళ్ళొచ్చాడు! వెళ్ళొచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, 'కూరేటి వండేవ్?' అని అడిగేవాడు. అంత సముద్రాన్ని దాటినవాడు అంత మామూలుగా ఎలా అడిగేవాడో!

"సంతకం పెట్టించడానికి ఒక్కరోజు చాలదా అన్నా?" అంది మెల్లగా.

"సాలుద్ది."

"అయితే వస్తాను. ఓడ కూడా ఎక్కుతాను. నీ మనుషుల్లో ఒక తల తగ్గదు."

సన్యాసిరాజు ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళమాడుతోందేమోనని చూశాడు గానీ, ఆ మొహంలో అదేం లేదు. "మీ అత్తకేటి సెప్తావ్?"

"ఆవిడ కొడుకు బతకడం కోసమే కదా వెళ్తున్నాను. ఆవిడకి నేను చెప్పేదేటి?"

పక్కగదిలో గంట మోగింది.

"టెలెక్సు!" అంటూ గురునాథరావు లేచాడు. ఆయన వెనకే వీళ్ళిద్దరూ వెళ్ళారు. ఫ్లోరెన్స్ ఆ యంత్రాన్ని చూడడం అదే మొదలు. టైపు మిషనులాగే ఉంది, ముందు కుర్చీ ఖాళీ. మనిషి లేడు, చేతులు లేవు, అక్షరాలు మాత్రం వాటంతటవే టకటకా పడుతున్నాయి. అక్కడ లివర్‌పూల్లో అప్పుడింకా ఉదయమే. అక్కడెవరో వేలితో నొక్కుతుంటే ఇక్కడ విశాఖపట్నంలో కాగితం నిండుతోంది. ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

"కెప్టెన్‌గారే," అన్నాడు గురునాథరావు, వంగి చదువుతూ. ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతున్నాడు. "నిన్న సాయంత్రం ఆసుపత్రికెళ్ళారట. నీ భార్య బయల్దేరుతోంది, సీటు దొరికింది అని రత్నరాజుకి చెప్పారట..."

ఆయన ఆగాడు. యంత్రం ఆగలేదు.

"చెప్పండి," అంది ఫ్లోరెన్స్.

"ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడట. తర్వాత కలం అడిగాడట. సంతకం పెట్టేశాడమ్మా! డాక్టర్లు ఇంక ఆగలేదు, రాత్రికి రాత్రే ఆపరేషను చేసేశారు. కాలు తీసేశారు. మనిషి క్షేమం. ఇంకా పూర్తిగా తెలివి రాలేదు."

ఫ్లోరెన్స్ గోడకి ఆనుకుంది. ఎన్నో కాళ్ళకి కట్లు కట్టిన చేతులు, ఇప్పుడు చీర కొంగుని ముడివేసి విప్పుతూ ఉండిపోయాయి. సన్యాసిరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ముందుగా తేరుకున్నది గురునాథరావే. మొహం విప్పారింది. "ఇంకేం కావాలమ్మా! గండం గడిచింది! మీరు వెళ్ళాల్సిన అవసరం కూడా తప్పింది. బ్రెజిలూ వద్దు, ఏమీ వద్దు. జోజి చోట్లో ఇంకో మనిషిని చూసుకుంటాం. మీరు నిశ్చింతగా ఇంటికెళ్ళి అత్తగారికి శుభవార్త చెప్పండి."

న్యాయమైన మాటే. వినేవాళ్ళెవరైనా సరేనంటారు.

ఫ్లోరెన్స్ వినడం లేదు. ఇరవై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషిని తలుచుకుని ఇంత ఆశ్చర్యం ఆమెకి ఎప్పుడూ కలగలేదు. మొండివాడనుకుంది. భయపడుతున్నాడనుకుంది. భార్య చెయ్యి పట్టుకుంటే తప్ప ధైర్యం రాదనుకుంది. కానీ తను వెళ్ళనే లేదు. ఆ వేళకి ఇంకా గాజువాకలోనే ఉతికిన చీరలు మడతపెడుతోంది. తను బయల్దేరిందన్న మాట విని, ఆ ఒక్క మాట నమ్మి, ఆ మనిషి కాలిచ్చేశాడు.

"వెళ్తానండి," అంది.

"ఎందుకమ్మా? పనైపోయింది కదా!"

"ఏ పనండీ? నాను వస్తన్నానంటే ఇచ్చేడు కాలు. తెలివొచ్చాక తలుపువైపు చూస్తాడు. ఈవేళా, రేపూ, ఎల్లుండీ చూస్తాడు. నాను రాకపోతే ఆ కాలు అబద్ధానికి ఇచ్చినట్టే కదండీ." ఇంత సేపటికి ఇప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక్కి వచ్చి జాయినింగ్ కాగితం మీద సంతకం పెట్టింది. "ఒక్కరోజైనా చాలు. ఒక్క రోజు కూచుని ఓడెక్కేస్తాను."

సన్యాసిరాజు కళ్ళు తుడుచుకోవడానికి మొహమాటపడి, తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు.

అప్పుడు గంట మళ్ళీ మోగింది.

ఈసారి యంత్రం ఎక్కువసేపు కొట్టలేదు. గురునాథరావు కాగితం చింపి తెచ్చి, ఒకసారి చదువుకుని, రెండోసారి చదివి బల్లమీద బోర్లా పెట్టాడు. ఆ చెయ్యి కాగితం మీంచి తీయలేదు.

"మళ్ళీ దాస్తన్నారా బాబూ?" అంది ఫ్లోరెన్స్.

ఆయన చెయ్యి తీసేశాడు. "ఓడకి మంగళవారం దాకా రేవులో చోటు లేదట. ఆదివారం సాయంత్రం సముద్రం పోటెక్కగానే బయటికి తీసేస్తున్నారు. మీరు స్టేషన్లో దిగేసరికి ఓడ కదలడానికి గంటో, గంటన్నరో ఉంటుంది. మనుషుల్ని ఎక్కడా ఆపకుండా నేరుగా రేవుకి తీసుకురమ్మన్నారు."

"ఆసుపత్రి?"

"ఊరికి అటుపక్క." గురునాథరావు కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. "రెండూ కుదరవమ్మా."

వరండాలో పార్టీ మనుషులు పెట్టెలు మోస్తూ రిక్షాల కోసం కేకలేసుకుంటున్నారు. రైలుకి వేళవుతోంది. సన్యాసిరాజు లేచి వచ్చి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. ఇందాక చెల్లితో మాట్లాడినవాడు కాదు, ఇప్పుడు సరంగు.

"సెప్పు సెల్లీ. లివర్‌పూల్లో రైలు దిగాక ఎటెల్తావ్? ఆసుపత్రికా, ఓడకా? ఇక్కడే సెప్పాల. ఆడ సెప్తానంటే కుదర్దు."

ఎంత తేలికో ఆమెకి తెలుసు. 'ఓడకే' అంటే చాలు. ఇక్కడ ఎవరూ మనసు కోసి చూడరు. అక్కడ స్టేషన్లో జనంలో ఒక్క పక్కడుగు వేస్తే ఎవరు పట్టుకుంటారు? మూడక్షరాల అబద్ధం. అవతల మంచం మీద మనిషి కళ్ళు తెరుస్తూ ఉంటాడు.

నోరు తెరిచింది. ఒకాయన తన మాట నమ్మి కాలిచ్చిన మర్నాడే ఇంకొకాయన్ని మాటతో మోసం చెయ్యడానికి ఆ నోరు తిరగలేదు.

"ఆసుపత్రికే అన్నా," అంది. "నీకు అబద్ధం చెప్పలేను. ఆయన్ని చూడకుండా ఓడెక్కలేను."

గురునాథరావు నిట్టూర్చాడు. సన్యాసిరాజు బల్లమీది టికెట్ల కట్ట తీసుకున్నాడు. ఫ్లోరెన్స్ టికెట్టూ అందులోనే ఉంది. దాన్ని తీసి తిరిగి ఇస్తాడేమోనని గురునాథరావు చెయ్యి చాచాడు. సన్యాసిరాజు ఆ చెయ్యి చూడనట్టే, రబ్బరు బ్యాండు తీయకుండా కట్టంతా చొక్కా లోపలికి దోపుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"నడండి, రైలెల్లిపోద్ది," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

ఆ మాట వరండాలో ఉన్న తన మనుషులతో అన్నాడో, వెనక నిలబడ్డ తనతో అన్నాడో ఫ్లోరెన్స్‌కి తెలియలేదు. అడిగితే కాదంటాడేమోనని అడగలేదు. పెట్టె అందుకుని ఆయన వెనకే నడిచింది.